లోలకం డైరీ: 980 రాకపోయినా రాసుకున్న రీడింగులు

నవంబరు 3

నిన్న రాత్రి రికార్డులు దిద్దుతూ కూర్చున్నాను. సెకండియర్ ఎంపీసీ, లఘులోలకం ప్రయోగం, 29 రికార్డులు. వాటిలో 26 రికార్డుల్లో జీ (గురుత్వ త్వరణం, సెం.మీ./సె² లెక్కలో) విలువ 980. రెండింట్లో 979.8. ఒకదాంట్లో 981.

మా ల్యాబ్‌లో లోలకం స్టాండ్లు నాలుగే ఉన్నాయి. ఒకదాని క్లాంపు మర సరిగా బిగియదు. ఒక గుండుకు కొక్కెం వంగిపోయింది. ఒక మీటరు స్కేలు చివర అరిగిపోయి సున్నా గీత కనిపించదు. ఈ సామానుతో 29 మందికీ 980 రావడం జరిగే పని కాదు. నేను చేసినా రాదు.

పిల్లల మీద కోపం రాలేదు. ల్యాబ్‌లో వాళ్ల బెంచీ దగ్గరికి వెళ్లి నేను మొదట అడిగే మాట "ఎంత వచ్చింది?" అని. 980కి దగ్గరగా ఉంటే సంతకం పెట్టేదాన్ని. దూరంగా ఉంటే "మళ్లీ చెయ్యి" అనేదాన్ని. మళ్లీ చేసే టైము వాళ్లకు ఉండదు, నాలుగున్నరకు ఊళ్లకు పోయే బస్సు. అందుకని 980 దగ్గర మొదలుపెట్టి, డోలనాలకు (గుండు ఒకసారి పూర్తిగా అటూ ఇటూ ఊగితే ఒక డోలనం) పట్టే కాలం ఎంత ఉండాలో లెక్కగట్టి, రీడింగులు నింపుకున్నారు. ఆ లెక్క సరిగ్గా చేయాలంటే ఫార్ములా బాగా రావాలి కూడా. తెలివైన పిల్లలే. ఆ తెలివి కొలవడానికి కాకుండా కొలిచినట్టు రాయడానికి ఖర్చయిపోతోంది, దానికి దారి చూపించింది నేనే.

అందుకే ఈ పని పెట్టుకుంటున్నాను. ఫిబ్రవరిలో ప్రాక్టికల్స్ మొదలయ్యేలోపు ప్రతి శనివారం మధ్యాహ్నం రెండు గంటలు. ముందు లోలకం ఒక్కటే. ఏ రీడింగు వస్తే అదే పెన్నుతో రాయాలి. తప్పు అనిపిస్తే ఒక్క గీతతో కొట్టేసి పక్కన కారణం రాయాలి, వైట్‌నర్ పెట్టకూడదు. చివరి విలువ పక్కన ప్లస్ ఆర్ మైనస్ ఎంతో, అంటే అది ఎంత అటూ ఇటూ కావచ్చో రాయాలి. ల్యాబ్‌లో ఎవరూ 980 అనే అంకె పలకకూడదు, ముందుగా నేను పలకకూడదు.

నవంబరు 8

మొదటి శనివారం, 27 మంది వచ్చారు.

అందరికీ ఒకటే లోలకం పెట్టాను. మంచి స్టాండు, రెండుగా చీల్చిన కార్కు మధ్య నుంచి దారం, ఇత్తడి గుండు. కార్కు కింది అంచు నుంచి గుండు కేంద్రం దాకా 100.0 సెం.మీ. ఉండేలా ల్యాబ్ అటెండర్ అన్నా నేనూ కలిసి కట్టాం. ఒక్కొక్కరూ వచ్చి 20 డోలనాలకు పట్టే కాలం ఒక్కసారి కొలవాలి, పక్కవాళ్లకు చూపించకుండా చీటీ మీద రాసి డబ్బాలో వేయాలి. అందరిదీ అయ్యాక చీటీలు విప్పి బోర్డు మీద రాశాను.

అందరికీ ఒకే అంకె వస్తుందనే పిల్లలు అనుకున్నారు. 40.12, 40.31, 39.94, 40.20, 40.45... రాస్తూ పోతుంటే వెనక బెంచీల్లో గుసగుసలు. ఒకతను లేచి, "మేడమ్, ఇందులో కరెక్టుది ఏది?" అన్నాడు. ఆ ప్రశ్న కోసమే ఇదంతా పెట్టాను. జవాబు చెప్పలేదు. "నువ్వే చూడు నాన్నా, ఏది తీసేద్దామంటావు?" అన్నాను. చాలాసేపు చూసి, మూడు చీటీలు తీసేయమన్నాడు: 38.15, 38.22, 42.2.

మిగతా 24 రీడింగులూ 39.94కూ 40.45కూ మధ్య గుంపుగా ఉన్నాయి. ఆ మూడూ మాత్రం ఎక్కడో దూరంగా ఉన్నాయి. నచ్చలేదని తీసేయకూడదు, కారణం దొరికితేనే తీసేయాలి అని చెప్పి, 38.15 రాసిన పిల్లవాడిని మళ్లీ చేయమన్నాను. గుండు వదులుతూనే "ఒకటి" అన్నాడు. స్టాప్‌వాచ్ నొక్కిన క్షణానికి ఇంకా ఒక్క డోలనం కూడా కాలేదు, అక్కడ "సున్నా" అనాలి. అతను 20 అనుకున్నది నిజానికి 19. ఇక్కడ ఒక డోలనానికి రెండు సెకన్లు పడుతుంది, తేడా కూడా సరిగ్గా రెండు సెకన్లే ఉంది. 42.2 వచ్చిన అమ్మాయి మధ్యలో దృష్టి చెదిరి ఒక డోలనాన్ని లెక్కపెట్టకుండా వదిలేసింది, ఆమె 20 అనుకున్నది నిజానికి 21.

38.15తో జీ లెక్కగడితే 1085 దాకా వస్తుంది. వెంటనే ఆ పిల్లవాడు, "మేడమ్, నా రికార్డులో కూడా మొదట 1080 ఏదో వచ్చింది, ఖరాబైందని చింపేసిన" అన్నాడు. 20కి బదులు 19 డోలనాలకే కాలం కొలిస్తే అందులో 5 శాతం తేడా, కాలం వర్గంగా వస్తుంది కాబట్టి జీలో దాదాపు 11 శాతం. చింపేసిన ఆ పేజీలో అతని తప్పు పేరు రాసే ఉంది. ఇకమీదట ఏ రికార్డులోనైనా 1080 ప్రాంతంలో జీ కనిపిస్తే నేను ముందు వెతికేది ఈ "ఒకటి"నే.

మిగతా 24 మందీ నిజాయితీగా, సరిగ్గా లెక్కపెట్టి చేశారు. వాళ్ల రీడింగుల నుంచి జీ కడితే 965 నుంచి 990 దాకా వచ్చింది. ఈ అంకె చూసి నాకు మనసు కలుక్కుమంది. ఇన్నేళ్లలో 965 తెచ్చిన ఎంతమందిని "మళ్లీ చెయ్యి" అన్నానో.

నవంబరు 15

ఎక్కడ నొక్కాలి? ఈ రోజంతా ఇదే.

చాలామంది గుండు ఒక చివరకు వచ్చి ఆగినప్పుడు స్టాప్‌వాచ్ నొక్కుతారు. చూడటానికి అదే సులువు, గుండు అక్కడ ఒక క్షణం నిలబడినట్టు ఉంటుంది. కానీ నిలబడినట్టు ఉండటమే చిక్కు. ఎప్పుడు ఆగింది, ఎప్పుడు వెనక్కి తిరిగింది అనేది కంటికి అందదు. మీటరు లోలకాన్ని 5 డిగ్రీలు పక్కకు లాగి వదిలితే, చివరి స్థానం దగ్గర 0.1 సెకనులో గుండు అర సెంటీమీటరు కూడా కదలదు. అదే మధ్యలో దాటేటప్పుడు 0.1 సెకనులో రెండున్నర సెంటీమీటర్ల పైగా పోతుంది. మధ్యలో ఒక గీత పెట్టుకుంటే, గుండు దాన్ని దాటిన క్షణం కంటికి స్పష్టంగా తగులుతుంది.

అటెండర్ అన్న దారం వెనక గోడ మీద సుద్దతో నిలువు గీత గీశాడు. సగం మంది చివర నొక్కారు, సగం మంది గీత దగ్గర నొక్కారు. చివర నొక్కినవాళ్ల రీడింగులు 39.7 నుంచి 40.8 దాకా చెల్లాచెదురుగా వచ్చాయి. గీత దగ్గర నొక్కినవాళ్లవి 40 పాయింట్ ఒకటి, రెండు చుట్టూ దగ్గరగా కూర్చున్నాయి. ప్రాక్టికల్ స్కిల్ అంటే నాకు ఈ సుద్ద గీతే. పుస్తకంలో "సమతాస్థితి నుంచి లెక్కించవలెను" అని ఒక వాక్యం ఉంటుంది. ఆ వాక్యం ఎందుకు ఉందో ఈ రోజు వాళ్ల చేతులకు తెలిసింది.

ఒక కుర్రాడికి గుండు బాగా ఊగితే చూడటానికి తేలికనిపించి 20 డిగ్రీల దాకా లాగాడు. సరే, అలాగే చేయమన్నాను. అంత పెద్ద ఊపుకు ఆవర్తన కాలం (ఒక డోలనానికి పట్టే కాలం) 0.77 శాతం పెరుగుతుంది, అంటే జీ ఒకటిన్నర శాతం తగ్గి కనిపిస్తుంది. ఎన్నిసార్లు కొలిచి సగటు తీసినా ఈ తగ్గుదల పోదు, ఎందుకంటే ప్రతిసారీ ఒకే వైపు లాగుతుంది. 5 డిగ్రీలకు ఆ పెరుగుదల 0.05 శాతమే, మన చేతి తప్పు కంటే చాలా తక్కువ. యాదృచ్ఛిక దోషం (ఒకసారి అటు, ఒకసారి ఇటు పోయేది), క్రమదోషం (ఎప్పుడూ ఒకే వైపు లాగేది) అని ఫస్టియర్‌లో నిర్వచనాలు బట్టీ పట్టారు. ఇవాళ ఆ రెండూ ఒకే బెంచీ మీద పక్కపక్కన కనబడ్డాయి.

నవంబరు 22

ప్లస్ ఆర్ మైనస్ లెక్క.

మొదటి వారం నాటి 24 రీడింగులు మళ్లీ బోర్డు మీద రాశాను. సగటు 40.19. ఒక్కో రీడింగు సగటు నుంచి ఎంత దూరం ఉందో రాయించి, ప్రామాణిక విచలనం (ఆ దూరాలకు ఒక రకం సగటు) కట్టిస్తే 0.12 సెకను వచ్చింది. మాథ్స్ 2ఏలో చేసిన లెక్కే ఇది, భౌతికశాస్త్రం ల్యాబ్‌లో కనిపించేసరికి కొందరు ఆశ్చర్యపోయారు.

ఇప్పుడు ఒక్కరే, ఒక్కసారే కొలిస్తే ఏమవుతుంది? 40.19లో 0.12 అంటే 0.3 శాతం. జీలో కాలం వర్గం ఉంది కాబట్టి రెట్టింపు, 0.6 శాతం. పొడవులో 2 మిల్లీమీటర్ల అనుమానం పెట్టుకుందాం, అది 0.2 శాతం. మన పుస్తకం పద్ధతిలో రెండూ కూడితే 0.8 శాతం, అంటే జీలో సుమారు 8. ఒక విద్యార్థి ఒక్కసారి శ్రద్ధగా చేసి 972 ± 8 అని రాస్తే అది మంచి ప్రయోగం. అదే విద్యార్థి 980.0 అని రాస్తే, ఆ పాయింట్ తర్వాత సున్నా ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేడు.

20 డోలనాలు ఎందుకు, ఒకటి చాలదా అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. ఈసారి జవాబు వాళ్లే కట్టారు. ఒకే డోలనానికి అదే 0.12 తప్పు వస్తే రెండు సెకన్లలో 6 శాతం, జీలో 12 శాతం. 20 డోలనాలు కలిపి కొలిస్తే మన వేలి తప్పు 20 భాగాలుగా పంచుకుపోతుంది.

24 మంది రీడింగులూ కలిపితే సగటులో అనుమానం ఇంకా తగ్గుతుంది. 0.12ను 24 వర్గమూలంతో భాగిస్తే 0.025 సెకను. జీలో దాని వాటా 0.12 శాతం. ఇక్కడ ఒక అమ్మాయి ఆగింది. "మేడమ్, ఇప్పుడు పొడవుదే ఎక్కువైంది కదా?" అంది. అవును. ఇంతసేపూ స్టాప్‌వాచ్ వెంట పడ్డాం, ఇప్పుడు బలహీనమైనది దారం. ఇంకో వంద మందితో కాలం కొలిపించినా లాభం లేదు, ముందు కార్కు కింద దారం ఎక్కడ వంగుతోందో, ముడి ఎంత ఉందో, నూలు దారం ఎంత సాగుతోందో చూడాలి. ఏది బాగుచేస్తే జవాబు బాగుపడుతుందో చెప్పడమే ఈ లెక్క చేసే పెద్ద ఉపకారం. దోషాల లెక్కను ప్రయోగం చివర తోకలా పెట్టి నేర్పినన్నాళ్లూ నేను ఈ మాట పిల్లలకు చెప్పలేకపోయాను.

తరగతి మొత్తానికి వచ్చింది 978 ± 3.

అప్పుడు పెట్టుకున్న నియమం పక్కనపెట్టి, అసలు మన దగ్గర జీ ఎంత ఉండాలో చెప్పాను. భూమధ్యరేఖ దగ్గర సముద్ర మట్టంలో సుమారు 978.0, ధ్రువాల దగ్గర 983.2. కరీంనగర్ పద్దెనిమిదిన్నర డిగ్రీల అక్షాంశం మీద, సముద్ర మట్టానికి 260 మీటర్ల పైన ఉంది. లెక్కగడితే 978.5 దాకా వస్తుంది. హైదరాబాద్ ఇంకా ఎత్తులో ఉంది, అక్కడ 978.3. 980.665 అనేది 1901లో తూనికలు కొలతల అంతర్జాతీయ మహాసభ ప్రామాణికంగా ఒప్పుకున్న విలువ. దాదాపు 45 డిగ్రీల అక్షాంశం దగ్గరి సంగతి అది, మన ఊరిది కాదు.

క్లాసు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. ఇన్నేళ్లూ అందరూ దిద్దుకుని దిద్దుకుని చేరిన 980 మన నేల విలువ కూడా కాదు.

నవంబరు 29

యూనిట్ టెస్టులు. ల్యాబ్ లేదు. అరిగిన మీటరు స్కేలు పారేద్దామా అని అటెండర్ అన్న అడిగాడు. వద్దన్నాను. 10 సెం.మీ. గీత దగ్గర మొదలుపెట్టి కొలిచి, చివర 10 తీసేయడం పిల్లలకు అలవాటు చేద్దాం.

డిసెంబరు 6

ఈ వారం లోలకం పక్కన పెట్టి స్క్రూగేజీ, సన్నని తీగ మందం కొలిచే పరికరం. మీటర్ బ్రిడ్జితో తీగ విశిష్ట నిరోధం కనుక్కునే ప్రయోగం కోసం.

దవడలు పూర్తిగా మూస్తే తల స్కేలు మీద సున్నా గీత దగ్గర ఆగాలి. మా దగ్గరున్న ఒక స్క్రూగేజీ 3 గీతల తేడాతో ఆగుతుంది, అంటే 0.03 మి.మీ. శూన్యదోషం. చాలామంది అది చూడరు. చూసినవాళ్లలో కొందరు కలపాలో తీసేయాలో తెలియక వదిలేస్తారు. తీగ వ్యాసం 0.46 మి.మీ. అందులో 0.03 అంటే ఆరున్నర శాతం. వ్యాసార్ధం వర్గమవుతుంది కాబట్టి విశిష్ట నిరోధంలో 13 శాతం. అదే సమయంలో మీటర్ బ్రిడ్జి తీగ మీద సంతులన బిందువు కోసం ఒక్క మిల్లీమీటరు అటా ఇటా అని పది నిమిషాలు జాకీ (తీగకు తాకించే మొన) జరుపుతూ ఉంటారు. కష్టపడేది ఒకచోట, పోయేది ఇంకోచోట.

రాచెట్ (స్క్రూగేజీ చివర ఉండే చిన్న పిడి) తిప్పకుండా నేరుగా తల పట్టుకుని బిగించే అలవాటు కూడా పోవాలి. మెత్తటి తీగ నలుగుతుంది. రాచెట్ టిక్ టిక్ మన్నాక చేయి తీయాలి. ఒక్కో చోట రెండు అడ్డ దిశల్లో, తీగ పొడవునా ఐదు చోట్ల కొలిపించాను. ఒకే తీగ 0.45 నుంచి 0.47 దాకా చూపించింది. పాత తీగ, అక్కడక్కడ నొక్కుకుపోయింది. కనీసపు కొలత 0.01 అయినంత మాత్రాన మనకు తెలిసింది 0.01 దాకా అనుకోకూడదని ఒక పిల్లవాడు తనంతట తానే రాసుకున్నాడు. ఆ వాక్యం కింద నేను పెద్దగా టిక్కు పెట్టాను.

డిసెంబరు 13

ఈ రోజు జరిగింది నేను మర్చిపోను.

మళ్లీ లోలకం, ఈసారి గ్రాఫు. నలుగురేసి ఒక స్టాండు. పొడవు 60, 80, 100, 120 సెం.మీ., ఒక్కోదానికి మూడుసార్లు కాలం కొలిచి సగటు. మూడో బెంచీ అమ్మాయిది నీటైన చేతిరాత, ఏ పనైనా తొందరపడకుండా చేస్తుంది. ఆమె గ్రూపు సగటులు ఇవి: 31.51, 36.24, 40.48, 44.26 సెకన్లు. ఒక్కో పొడవుకు విడిగా జీ కట్టింది: 954, 962, 964, 967.

నేను వెళ్లేసరికి తల వంచుకుని కూర్చుంది. గ్రాఫు పేపరు మీద పొడవు అడ్డంగా, టీ స్క్వేర్ (ఒక డోలనానికి పట్టే కాలం వర్గం) నిలువుగా. నాలుగు చుక్కలూ చక్కగా ఒకే గీత మీద ఉన్నాయి. కానీ ఆ గీత మూలబిందువు గుండా పోలేదు. పక్క గ్రూపువాళ్లంతా స్కేలును సున్నా దగ్గర పెట్టి గీత లాగేశారు. ఈమె చుక్కల గుండా గీసింది, సున్నా గుండా పోవడం లేదని చెరిపింది, మళ్లీ గీసింది, మళ్లీ చెరిపింది. ఆ చోట పేపరు పలచబడి నలుపెక్కింది.

"ఎందుకమ్మా చెరుపుతున్నావు?"

"పొడవు సున్నా అయితే కాలం కూడా సున్నా కావాలి కదా మేడమ్. నాది కావట్లేదు. నేనేదో తప్పు చేసిన."

"నీ గీత పొడవు అక్షాన్ని ఎక్కడ కోస్తోంది?"

కళ్లు దగ్గరగా పెట్టి చదివింది. మైనస్ ఒకటిన్నర.

"పొడవు ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచావు?"

కార్కు నుంచి దారం చివరి ముడి దాకా, అంది. అక్కడే ఆగిపోయింది. గుండును చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. వెర్నియర్ కాలిపర్స్ తెచ్చుకుని వ్యాసం కొలిచింది: 1.90 సెం.మీ. సగం 0.95. కొక్కెం ఒక అర సెంటీమీటరు. వేళ్ల మీద కూడుకుంది. తలెత్తి నన్ను చూసినప్పుడు ఆ ముఖం చూడాల్సింది. ముడి దగ్గర నుంచి గుండు కేంద్రం దాకా తాను కొలవని దూరాన్ని గ్రాఫే కొలిచి చూపించింది. ఆమె గీత తప్పు కాదు, ఆ బెంచీ మీద అన్నిటికంటే నిజమైనది అదే.

విడివిడిగా కట్టిన జీ విలువలు పొడవుతో పాటు 954 నుంచి 967 దాకా ఎందుకు పెరుగుతూ వచ్చాయో కూడా తేలిపోయింది. ప్రతి పొడవులోనూ ఒకే ఒకటిన్నర సెం.మీ. తక్కువ పడింది. 60లో అది పెద్ద వాటా, 120లో చిన్నది. ఆ నాలుగింటి సగటు తీసుకుంటే 962 వచ్చేది, కొలత ఎన్నిసార్లు చేసినా 962 చుట్టూనే తిరిగేది. గ్రాఫు వాలుకు మాత్రం ఆ లోటు అంటదు. అన్ని చుక్కలూ ఒకే దూరం పక్కకు జరిగితే గీత పక్కకు జరుగుతుంది, వంపు మారదు. వాలు 0.0403. నాలుగు పై స్క్వేర్, అంటే 39.48, దాన్ని వాలుతో భాగిస్తే 980.

గీతను బలవంతంగా సున్నా గుండా లాగినవాళ్లకు 965 వచ్చింది. సరైన రూపం కోసం నిజమైన చుక్కలను వదిలేసినందుకు జవాబు కూడా దూరమైంది. గ్రాఫుకు మూలబిందువు ఒక చుక్క కాదు, దాన్ని మనం కొలవలేదు కదా అని బోర్డు మీద రాశాను.

చెరిపిన ఆ పేపరునే ఉంచమన్నాను. కొత్తది వద్దు.

డిసెంబరు 20

మా అక్క కూతురు హైదరాబాద్‌లో కేంబ్రిడ్జి సిలబస్‌లో ‘ఏ లెవెల్’ (మన ఇంటర్ లాంటిది) చదువుతోంది. వాళ్ల భౌతికశాస్త్రం ఐదో పేపరు పూర్తిగా ప్రయోగం ప్లాన్ చేయడం, డేటా విశ్లేషించడం మీదే. ప్రతి చుక్కకూ ఎర్రర్ బార్ (ఆ చుక్క ఎంత అటూ ఇటూ కావచ్చో చూపే చిన్న గీత) గీయాలి. చుక్కలకు సరిపోయే మంచి గీతతో పాటు, ఎర్రర్ బార్ల లోపల ఇంకా ఒప్పుకోదగిన మరీ వాలిన గీత లేదా మరీ నిటారైన గీత కూడా గీయాలి. ఆ రెండు గీతల వాలుల తేడాయే వాలులో అనిశ్చితత్వం. మార్కులు దానికీ ఉంటాయి.

ఆ పద్ధతి మా పిల్లలతో చేయించాను, దానికి స్కేలు, పెన్సిల్ చాలు. మూడో బెంచీ గ్రాఫుకు మరీ నిటారైన గీత వాలు 0.0405, మరీ వాలింది 0.0401. జీ విలువలు 975, 985. కాబట్టి 980 ± 5. మన ఊరి 978.5 ఆ హద్దులోనే ఉంది.

సిలబస్ గురించి ఒక మాట. 2022లో పాఠ్యాంశాలు తగ్గించినప్పుడు ఎన్‌సీఈఆర్‌టీ 11వ తరగతి పుస్తకంలో కొలత పరికరాల యథార్థత, ఖచ్చితత్వం, దోషాల భాగం తీసేశారు, సార్థక సంఖ్యలు మిగిలాయి. మరోవైపు జేఈఈ మెయిన్, నీట్ సిలబస్‌లలో ప్రయోగ నైపుణ్యాల పేరుతో ఒక యూనిట్ ఉంది, అందులో వెర్నియర్, స్క్రూగేజీ, లఘులోలకం అన్నీ ఉన్నాయి. అంటే పిల్లలు వీటిని బబుల్ నింపే ప్రశ్నలుగా నేర్చుకుంటున్నారు. వెర్నియర్ బొమ్మ చూసి రీడింగు చెప్పగలరు, చేతికి వెర్నియర్ ఇస్తే దవడల మధ్య గుండు జారిపోతుంది. భారం ఎక్కువైందని తగ్గించాల్సి వస్తే నేనైతే దోషాల భాగాన్ని అన్నిటికంటే చివర ముట్టుకునేదాన్ని.

జనవరి 10

సంక్రాంతి సెలవుల ముందు చివరి శనివారం, తొమ్మిది మందే వచ్చారు. ప్రయోగం పెట్టకుండా కథ చెప్పాను.

1672లో జాన్ రిషే అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త భూమధ్యరేఖకు దగ్గరున్న కయెన్‌కు లోలకం గడియారం తీసుకెళ్లాడు. పారిస్‌లో సరిగ్గా నడిచిన గడియారం అక్కడ రోజుకు రెండున్నర నిమిషాలు వెనకబడింది. నెలల తరబడి కొలిచాడు, అదే వచ్చింది. పారిస్ విలువ రాలేదని అంకెలు దిద్దుకోలేదు. భూమి ధ్రువాల దగ్గర నొక్కుకుపోయి ఉందని న్యూటన్ వాదించినప్పుడు ఆ రెండున్నర నిమిషాలు సాక్ష్యంగా నిలిచాయి. మన దేశంలో కూడా 1865 నుంచి సర్వే శాఖ తరఫున కెప్టెన్ బసేవీ ఊరూరా లోలకాలు మోసుకెళ్లి జీ కొలిచాడు. 1871లో లడఖ్ కొండల్లో ఆ పని మీదే ప్రాణం పోయింది.

ఒకమ్మాయి అడిగింది, "ఆయనకు కూడా ఒక్కోచోట ఒక్కో విలువ వచ్చిందా మేడమ్?" వచ్చింది. వస్తుందనే వెళ్లాడు.

జనవరి 24

తోటి లెక్చరర్ ఒకాయన స్టాఫ్‌రూములో నన్ను పక్కకు పిలిచి మాట్లాడారు. "మీరు చేస్తున్నది మంచిదే మేడమ్. కానీ ప్రాక్టికల్స్ ముప్పై మార్కులు. ఎక్స్‌టర్నల్‌గా ఎవరొస్తారో తెలియదు. 965 చూసి మార్కులు కోస్తే ఆ పిల్లల తల్లిదండ్రులకు మీరేం చెబుతారు?"

ఆయన భయం నిజమైనదే. ఇంటర్ మార్కుల మీద ఆ ఇళ్లలో ఎంత టెన్షన్ ఉంటుందో నాకు తెలుసు. రెండు రోజులు ఆలోచించాను. పిల్లలకు దాచకుండా చెప్పాను: పరీక్షలో టేబుల్ స్పష్టంగా ఉండాలి, సూత్రం, యూనిట్లు, గ్రాఫుకు స్కేలు, అక్షాల పేర్లు ఏదీ వదలొద్దు. విలువ దూరంగా వస్తే భయపడి దిద్దొద్దు. ముందు డోలనాల లెక్క చూసుకోండి, తర్వాత పొడవు ఎక్కడి నుంచి కొలిచారో చూసుకోండి, టైముంటే ఒక రీడింగు మళ్లీ తీయండి. అప్పటికీ అదే వస్తే అదే రాసి, పక్కన ప్లస్ ఆర్ మైనస్, కింద ఒక్క వాక్యంలో కారణం. వైవాలో అడిగితే ఆ వాక్యమే చెప్పండి.

వెనక బెంచీ నుంచి ఒకతను, "మార్కులు పోతే?" అన్నాడు.

పోవచ్చు అన్నాను. పోవని మాట ఇవ్వలేను. కానీ తాను చేయని ప్రయోగం గురించి వైవాలో జవాబు చెప్పడం కంటే, చేసిన ప్రయోగం గురించి చెప్పడం తేలిక. ఇది నేను ఎన్నో వైవాలు చూసి చెబుతున్న మాట.

ఫిబ్రవరి 9

ఈ రోజు మా బ్యాచ్ ప్రాక్టికల్స్. చీటీల్లో లఘులోలకం ఐదుగురికి వచ్చింది. మూడో బెంచీ అమ్మాయికి కుంభాకార కటకం వచ్చింది, ఆ నాలుగు గంటల్లో ఆమె వైపు చూసే తీరిక కూడా నాకు దొరకలేదు.

మొదటి శనివారం 38.15 తెచ్చిన పిల్లవాడికి మళ్లీ లోలకమే పడింది. ఎక్స్‌టర్నల్ అతని పేపరు తీసుకుని చదివారు. 972 ± 8.

"980 రావాలి కదా, ఎందుకు రాలేదు?"

వాడి చేతులు వణకడం నాకు కనిపిస్తోంది. ఎంగిలి మింగి, "సార్, నా హద్దు 964 నుంచి 980 వరకు. ఒక్కసారి కొలిస్తే 20 డోలనాలకు నా చేతిలో 0.12 సెకను తేడా వస్తుంది సార్, శనివారాలు చూసుకున్నం. మన దగ్గర అసలు విలువ 978.5. అది నా హద్దులోనే ఉంది" అన్నాడు.

ఆయన కాసేపు ఏమీ అనలేదు. స్టాప్‌వాచ్ తీసుకుని తానే ఒకసారి కొలిచారు. 40.3 వచ్చింది. రెండోసారి 40.1. పేపరు మీద ఏదో రాసుకుని పక్క టేబుల్‌కు వెళ్లిపోయారు. ఎంత వేశారో నాకు చెప్పలేదు, నేను అడగలేదు.

సాయంత్రం పేపర్లు కట్ట కట్టేముందు వాడి టేబుల్ ఒకసారి చూశాను. 100 సెం.మీ. వరసలో మొదటి రీడింగు 38.2, దాని మీద ఒకే ఒక గీత. పక్కన చిన్న అక్షరాలతో "19 లెక్కపెట్టాను". కింద 40.3.

స్టాండ్లు బీరువాలో పెడుతూ అటెండర్ అన్న, గోడ మీద సుద్ద గీత తుడిచేయనా మేడమ్ అని అడిగాడు. ఉండనీ అన్నా, జూన్‌లో కొత్త పిల్లలు వస్తారు అన్నాను. తడిగుడ్డ పక్కన పెట్టి, ఆ గీత మీదే ఇంకోసారి సుద్దతో గట్టిగా దిద్దాడు.